చిన్న ట్రాక్టరుతో ఎంత కంప కొట్టవచ్చు? బీడు చేను బాగుచేసే మార్గాల పోలిక

కొన్నేళ్లు సాగు లేకుండా వదిలేసిన చేనును మళ్లీ దారికి తెచ్చుకోవాలనుకునే రైతుకు మొదట ఎదురయ్యేది యంత్రం ప్రశ్నే. ఇంట్లో ఇరవై నాలుగో, ఇరవై ఏడో హెచ్‌పీ మినీ ట్రాక్టరు ఉన్నప్పుడు, దానికే ఏదో ఒక పనిముట్టు తగిలించి కంపనంతా కొట్టేయవచ్చు కదా, జేసీబీకి గంటల లెక్కన డబ్బు పోయడం ఎందుకు అనిపించడం సహజం. ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే మినీ ట్రాక్టరును తోట వరుసల మధ్య దున్నడానికి, మందు కొట్టడానికి, చిన్న ట్రక్కు లాగడానికి తగినట్టుగా తయారు చేస్తారు. దాని బరువు తక్కువ, నేలకూ ఇంజను అడుగుభాగానికీ మధ్య ఖాళీ తక్కువ, టైర్లు చిన్నవి. తోటలో మేలు చేసే ఈ మూడు గుణాలే కంపలో దానికి చేటు తెస్తాయి. అందుకే ఏ పనిముట్టు కొనాలో ఆలోచించే ముందే, ఏ పనిని ఈ ట్రాక్టరుకు అప్పగించకూడదో తేల్చుకోవాలి. ఇక్కడ చెబుతున్నవి 18 నుంచి 30 హెచ్‌పీ వరకు ఉన్న ట్రాక్టర్లకు వర్తిస్తాయి.

కొలవవలసింది ఎత్తు కాదు, లావు

పొద ఎంత ఎత్తు పెరిగింది, ఎంత దట్టంగా అల్లుకుంది అన్నది చూసి చాలామంది నిర్ణయానికి వస్తారు. నిజానికి చూడవలసింది నేలకు జానెడు ఎత్తులో కాండం ఎంత లావుందన్నది. మనిషెత్తు పెరిగిన వయ్యారిభామ, తంగేడు, లాంటానా పొదలు చూడటానికి అడవిలా కనిపించినా, వాటి కాండాలు ఎక్కువగా బొటనవేలి లావు లోపే ఉంటాయి కాబట్టి చిన్న ట్రాక్టరు వాటిని తట్టుకుంటుంది. నడుమెత్తు కూడా లేని సర్కారు తుమ్మ మాత్రం, గతంలో ఒకసారి నరికి వదిలేసినదైతే, నేల దగ్గర ముంజేయి లావు మొద్దును దాచుకుని ఉంటుంది. పైన కనిపించే సన్నని కొమ్మలను నమ్మి ట్రాక్టరును దాని మీదికి పోనిస్తే మొద్దు నేరుగా ఇంజను అడుగుకు తగులుతుంది.

మన మెట్ట ప్రాంతాల్లో ఈ పని కష్టమా సులువా అన్నది దాదాపు ఎప్పుడూ ఈ సర్కారు తుమ్మ దగ్గరే తేలుతుంది. అమెరికా ఖండాల నుంచి తెప్పించి 1877లో కడప ప్రాంతంలో నాటించిన ఈ చెట్టు ఇప్పుడు రాయలసీమ నుంచి పల్నాడు, ప్రకాశం, నల్లగొండ, పాలమూరు వరకు బీడు కనిపించిన ప్రతిచోటా ఉంది. దీని కర్ర గట్టిది, ముల్లు టైరును దాటి ట్యూబులోకి దిగేంత పదునైనది. అన్నిటికంటే ముఖ్యం, నేల పైన ఎన్నిసార్లు కొట్టినా మొదలు చుట్టూ గుత్తిగా కొత్త చిగుళ్లు వేస్తుంది. ఒక్క కాండం ఉన్నచోట ఏడాది తిరిగేసరికి అరడజను కొమ్మలు లేస్తాయి. కాబట్టి పైపైన కొట్టించడానికి అయ్యే ఖర్చును ఒక్కసారి ఖర్చుగా లెక్కవేసుకోకూడదు. మొద్దు తీయకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే ఖర్చు ఉంటుంది.

నా సలహా స్థూలంగా ఇది. బొటనవేలి లావు, అంటే రెండు, రెండున్నర సెంటీమీటర్ల వరకు ఉన్నదంతా చిన్న ట్రాక్టరుకు తగిన పని. అంతకు మించి మణికట్టు లావు వరకు ఉన్నదాన్ని మనుషులు చేతి యంత్రాలతో ముందుగా కోయాలి, ట్రాక్టరు ఆ తర్వాతే రావాలి. మణికట్టు కంటే లావైన మొద్దులు ఎకరంలో పదుల కొద్దీ ఉంటే అది జేసీబీ పని, ట్రాక్టరుకు అక్కడ ఏ పాత్రా లేదు. ఒకే చేనులో ఈ మూడూ ఉంటాయి గనుక చేనంతటికీ ఒకే యంత్రం అని పట్టుబట్టకుండా, ముక్కలుగా విడదీసి చూడటం మంచిది.

యంత్రం దిగక ముందు

ఏ మార్గం ఎంచుకున్నా, చేనంతా ఒకసారి కాలినడకన తిరిగి చూడకుండా ట్రాక్టరును లోపలికి దించకూడదు. ఈ మాటను నేను చాలా గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన ఊళ్లలో పాడుబడిన దిగుడుబావులు, గోడ కట్టని మోటబావులు కంపలో కలిసిపోయి ఉంటాయి. ఒడ్డున మొలిచిన తుమ్మ బావి మీదికి వాలి, పైన తీగలు అల్లుకుని, పది అడుగుల దూరం నుంచి చూసినా అక్కడ గొయ్యి ఉందని తెలియదు. ఆ చేను గురించి తెలిసిన పెద్దవారిని ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి బావి ఎక్కడ, ఎండిపోయిన బోరు కేసింగు ఎక్కడ, పాత గట్టు రాళ్లు ఎక్కడ అని అడిగి, ప్రతిచోటా పొడవాటి కర్ర పాతి దానికి రంగు గుడ్డ కట్టాలి. బావి అంచు నుంచి ట్రాక్టరును చాలా దూరంగా ఉంచాలి; అంచు మన్ను ఏళ్ల తరబడి వానకు నానీ ఎండీ వదులై ఉంటుంది.

తర్వాత చూడవలసినది తీగ. కూలిపోయిన ముళ్లకంచె, కరెంటు స్తంభానికి కట్టిన స్టే వైరు, పాత డ్రిప్పు పైపు, ఇవేవీ పొదల్లో కనిపించవు. తిరిగే పనిముట్టుకు తీగ చుట్టుకుంటే గేరుబాక్సు సీలు తెగి నూనె కారిపోతుంది. హద్దురాళ్లను కూడా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే యంత్రం దెబ్బకు కదిలిన సర్వే రాయి పక్కచేను వారితో ఏళ్ల తగాదాకు దారితీస్తుంది. చేనులో వేప, చింత వంటి చెట్లు ఉంటే వాటిని కంపతో కలిపి కొట్టించకూడదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. ఇక పాముల సంగతి. రక్తపింజర, కట్లపాము కంప నీడన చేరతాయి కాబట్టి నడిచేవారు మోకాళ్ల దాకా వచ్చే బూట్లు వేసుకుని, కర్రతో ముందు తట్టుకుంటూ పోవాలి.

రోటరీ స్లాషర్

చిన్న ట్రాక్టరుకు కంప పనిలో నిజంగా పనికొచ్చే పనిముట్టు ఏదంటే రోటరీ స్లాషరే అంటాను. బోర్లించిన ఇనుప పెట్టె కింద రెండు మందపాటి కత్తులు నేలకు సమాంతరంగా తిరుగుతాయి. ఈ కత్తులను బిగించేయకుండా బోల్టు మీద వేలాడేలా అమరుస్తారు. మొద్దుకో రాయికో తగిలినప్పుడు అవి వెనక్కు మడుచుకుని దెబ్బను తగ్గిస్తాయి. మంచి రకం స్లాషర్‌లో కత్తుల మధ్యభాగం కింద పళ్లెం ఆకారపు ఉక్కు రేకు కూడా ఉంటుంది. అది మొద్దు మీదికి జారి ఎక్కుతుంది తప్ప ఇరుసుకు దెబ్బ తగలనివ్వదు. కొనేముందు పెట్టె కిందికి వంగి ఈ పళ్లెం ఉందో లేదో చూసుకోవాలి. గడ్డి కోతకని చేసిన తేలికరకాల్లో చాలావరకు అది ఉండదు, అవి తుమ్మకు పనికిరావు.

వెడల్పు విషయంలో ఆశపడకూడదు. అడుగు వెడల్పుకు పీటీఓ (ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే, ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసు) దగ్గర సుమారు ఐదు హెచ్‌పీ కావాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 24 హెచ్‌పీ ఇంజను ఉన్న ట్రాక్టరులో పీటీఓ దగ్గరికి చేరేది సుమారు 20 హెచ్‌పీ కాబట్టి నాలుగు అడుగుల స్లాషరే దానికి తగినది. అయిదు అడుగులది తగిలిస్తే పని తొందరగా అవుతుందనుకోవడం సరికాదు. దట్టమైన చోట ఇంజను వేగం పడిపోయి, కత్తులు కోయడం మాని పీకడం మొదలుపెడతాయి, అక్కడి నుంచి క్లచ్చుకు చేటు మొదలవుతుంది. అలాగని మరీ చిన్నదీ వద్దు, కోత వెడల్పు వెనక టైర్ల బయటి అంచులను కప్పేలా ఉండాలి. లేకపోతే టైరు ప్రతి సాలులోనూ కోయని కంపను తొక్కుతుంది.

పని వేగం ఎంత ఉంటుందో ముందే లెక్కవేసుకోవచ్చు. నాలుగు అడుగులంటే సుమారు 1.2 మీటర్లు. కంపలో గంటకు రెండు కిలోమీటర్లకు మించి పోలేము కాబట్టి గంటకు 2400 చదరపు మీటర్లు, అంటే దాదాపు 60 సెంట్లు అవుతుంది. మలుపులు, ఒక సాలు మీద మరో సాలు పడటం, ఆగి రేడియేటర్ శుభ్రం చేయడం తీసేస్తే 35, 40 సెంట్లు మిగులుతుంది. అంటే సన్నకంప ఉన్న ఎకరానికి రెండున్నర, మూడు గంటల డీజిల్ పట్టుకుని, దానిని మిగతా మార్గాల ఖర్చుతో పోల్చుకోవాలి.

నడిపే తీరు మీదే ట్రాక్టరు క్షేమం ఆధారపడుతుంది. దట్టమైన పొద ఎదురైనప్పుడు ముందుకు దూసుకుపోకుండా, ట్రాక్టరును తిప్పి వెనక్కు నడుపుతూ స్లాషర్‌ను ముందుగా పొదలోకి పంపాలి. అప్పుడు పెట్టె పొదను వంచుతుంది, కత్తులు కోస్తాయి, ట్రాక్టరు ఆ కోసిన జాగాలోకి మాత్రమే వస్తుంది. ముందుకు నడిపితే జరిగేది దీనికి తలకిందులు. కోయని కంప ఇంజను కిందుగా రాసుకుంటూ పోయి డీజిల్ పైపును, వైర్లను, బ్రేకు రాడ్డును లాగుతుంది, ఆ తర్వాత గానీ కత్తుల దాకా చేరదు. వెనక్కు నడపడం మెడకు శ్రమే, పని కూడా నెమ్మదిస్తుంది. అయినా దట్టమైన చోట్ల వేరే మార్గం లేదు. మొదటిసారి స్లాషర్‌ను జానెడు ఎత్తున ఉంచి కోసి, నేల కనిపించాక రెండోసారి కిందికి దించి కోయాలి.

పీటీఓను ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే కలిపి, తర్వాత యాక్సిలరేటర్ పెంచి 540 గుర్తు (పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగే వేగం) దగ్గర నిలపాలి. భారం పడినప్పుడు ఇంజను వేగం తగ్గించకుండా కింది గేరుకు మారాలి. సింగిల్ క్లచ్, అంటే చక్రాలకూ పీటీఓకూ ఒకటే క్లచ్ ఉన్న ట్రాక్టర్లలో ఇంకొక ప్రమాదం ఉంది. క్లచ్ తొక్కినా స్లాషర్ కత్తుల ఊపు పీటీఓ గుండా గేరుబాక్సులోకి వచ్చి ట్రాక్టరును ముందుకు నెడుతూనే ఉంటుంది. గట్టు దగ్గరో బావి దగ్గరో ఆపాలనుకున్నప్పుడు బండి ఆగకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పీటీఓకు ఓవర్‌రన్నింగ్ కప్లింగ్ అమర్చితే ఆ ఊపు ట్రాక్టరు వైపు రాదు. డబుల్ క్లచ్ ఉన్న బండ్లకు ఈ ఇబ్బంది తక్కువ. పని జరుగుతుండగా వంద మీటర్ల దూరంలోకి మనుషులనూ పశువులనూ రానివ్వకూడదు, ఎందుకంటే కత్తి తగిలిన రాయి చాలా దూరం ఎగిరి పడుతుంది. పెట్టె ముందూ వెనకా వేలాడే గొలుసులు అడ్డమొస్తున్నాయని కొందరు తీసేస్తారు, ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

రోటవేటర్, మల్చర్

ఉన్న రోటవేటర్‌తోనే కంపను తిప్పేయవచ్చునని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రోటవేటర్ దున్నిన నేలను మెత్తగా చేయడానికి ఉద్దేశించినది. నిలిచి ఉన్న కంపలో దాని బ్లేళ్లు కోయవు, కొమ్మలను చుట్టుకుంటాయి. చుట్టుకున్న కొమ్మ సీళ్లను తెంపుతుంది, నేలలో గట్టిగా ఉన్న వేరు బ్లేడును వంచుతుంది, ఆ కుదుపు పీటీఓ షాఫ్టు గుండా ట్రాక్టరు వెనక గేర్ల దాకా వెళుతుంది. పొదలు కోసి, మొద్దులు తీసి, కంప ఏరేసి, ఒకసారి గొర్రు తోలిన తర్వాత మాత్రమే రోటవేటర్ రావాలి.

పత్తికట్టెను పొడి చేసే మల్చర్ మంచి యంత్రమే. కోసినదాన్ని అక్కడే ముక్కలు చేసి నేల మీద పరుస్తుంది కాబట్టి కంప ఏరే కూలి మిగులుతుంది, రాళ్లు ఎగరడం కూడా స్లాషర్ కంటే తక్కువ. కానీ అదే వెడల్పు స్లాషర్‌తో పోలిస్తే దాని బరువు ఎక్కువ, అది కోరే శక్తి కూడా ఎక్కువ. మార్కెట్లో దొరికే వాటిలో చాలావరకు 45 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు చేసినవే. చిన్న ట్రాక్టరుకు తగిలిస్తే లిఫ్టు ఎత్తగలిగినా ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. కాబట్టి కొనడం కంటే, పెద్ద ట్రాక్టరుతో సహా మల్చర్‌ను అద్దెకు పిలవడమే నయం. అది కూడా సన్నకంపకే, మొద్దులకు కాదు.

చేతి యంత్రాలు, కూలీలు, బొగ్గు కాంట్రాక్టర్లు

బొటనవేలికీ మణికట్టుకూ మధ్య లావున్న కాండాలకు భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్‌కు పళ్ల చక్రం బిగించి వాడితే పని చక్కగా సాగుతుంది. అంతకు మించిన వాటికి చెయిన్ సా కావాలి. గట్ల మీద, కాలువ ఒడ్డున, బోరు చుట్టూ, హద్దురాళ్ల దగ్గర పనికి ట్రాక్టరు వెళ్లలేదు, వెళ్లినా వెళ్లకూడదు. అక్కడ ఈ చేతి యంత్రమే గతి. కళ్లద్దాలు తప్పనిసరి. జిల్లేడు ఉన్నచోట దాని పాలు కంట్లో పడితే చాలా బాధపడవలసి వస్తుంది. వయ్యారిభామ పూతలో ఉన్నప్పుడు కోస్తే పుప్పొడి వల్ల చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి కాబట్టి పూతకు ముందే ఆ పని ముగించాలి.

సర్కారు తుమ్మ బాగా ముదిరి ఉంటే కట్టెకు గిరాకీ ఉంటుంది. బొగ్గు కాల్చేవారు, ఇటుక బట్టీల వారు తామే మనుషులను పెట్టుకుని కొట్టుకుపోతామని వస్తారు, కొన్నిచోట్ల ఎదురు డబ్బు కూడా ఇస్తారు. ఖర్చు లేకుండా చేను తెరుచుకుంటుంది కాబట్టి ఇది ఆకర్షణీయమైన మార్గమే. అయితే వారికి కావలసింది కట్టె, మీకు కావలసింది చేను. వారు వంగడం తప్పించుకోవడానికి మోకాలి ఎత్తున, కత్తిని ఏటవాలుగా వేసి నరుకుతారు. అలా మిగిలిన మోడు చివర ఈటె మొనలా ఉంటుంది, ఎండిన కొద్దీ మరింత గట్టిపడుతుంది. నెల తర్వాత గడ్డి మొలిచి మోళ్లు కనిపించకుండా పోయాక ఆ చేనులోకి మినీ ట్రాక్టరును దించితే, ముందు టైరు పక్క గోడ చీలుతుంది లేదా ఇంజను ఆయిల్ చాంబర్‌కు చిల్లు పడుతుంది. టైరు కింది భాగం కొంత తట్టుకుంటుంది గానీ పక్క గోడ పలుచగా ఉంటుంది, అక్కడ చీలితే అతుకు వేయడం కూడా కుదరదు. అందుకే కట్టె ఇచ్చేముందే ఒప్పందంలో మాట తేల్చుకోవాలి: మొదలు చుట్టూ మన్ను తీసి నేలమట్టానికి దిగువన కోయాలి, లేదా మోళ్లను నేలకు సమంగా అడ్డకోత కోసి వెళ్లాలి. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టరు ఎదురు డబ్బు ఇస్తానన్నా కట్టె ఇవ్వవద్దంటాను. ముల్లు కొమ్మలను ఎవరు ఎత్తి పోయాలో కూడా ముందే తేలాలి.

జేసీబీ

మొద్దులున్న చేనుకు జేసీబీయే సరైన యంత్రం. ఏడెనిమిది టన్నుల బరువున్న ఆ యంత్రం నిమిషాల్లో పెకిలించే మొద్దు మీద మినీ ట్రాక్టరు పూటంతా పోరాడి క్లచ్చును కాల్చుకుంటుంది. సర్కారు తుమ్మ చిగుళ్లన్నీ నేలకు అడుగు లోతు లోపలి భాగం నుంచే పుడతాయి కాబట్టి, ఆ భాగాన్ని పూర్తిగా బయటికి తీస్తే మిగిలిన వేరు చాలావరకు తిరిగి లేవదు. పైపైన కొట్టడంతో పోలిస్తే దీనిలో ఉన్న అసలు లాభం ఇదే.

అయితే జేసీబీ వల్ల చేనుకు జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు, అది ఆపరేటరు చేతిలో ఉంటుంది. పని తొందరగా కనిపించాలని చాలామంది ముందున్న వెడల్పాటి బకెట్టుతో చేనంతా నెట్టుకుంటూ పోతారు. కంపతో పాటు నాలుగైదు అంగుళాల పైమన్ను కూడా కుప్పలోకి పోతుంది. ఏళ్ల తరబడి ఆకు రాలి సారం పట్టిన మన్ను అదే, దాన్ని గట్టు పక్కకు తోసేసి కింది చవుడులో విత్తనం వేస్తే ఏం మొలుస్తుంది? కాబట్టి వెనక ఉన్న బకెట్టుతో ఒక్కొక్క మొద్దును పెకిలించి, వేర్లకు పట్టిన మన్నును విదిలించి, మొద్దును మాత్రమే పక్కన వేయమని గట్టిగా చెప్పాలి, దగ్గర నిలబడి చూసుకోవాలి. గంట లెక్కన మాట్లాడుకునేటప్పుడు, ముందు నడకలో లెక్కపెట్టిన మొద్దుల సంఖ్యను చెప్పి ఎన్ని గంటలు పడుతుందో అడిగితే అంచనా దగ్గరగా వస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. ఎర్ర చెల్కల్లో ఒక మంచి వాన పడి రెండు మూడు రోజులు ఆరిన తర్వాత వేర్లు సులువుగా వస్తాయి. నల్లరేగడిలో తడి మీద జేసీబీని దించితే నేల అణిగిపోయి ఆ చక్రాల దారి రెండు పంటల దాకా కనిపిస్తుంది, కాబట్టి పైన ఆరి లోపల కొంచెం పదును ఉన్నప్పుడే పిలవాలి.

నిప్పు పెట్టడాన్ని నేను మార్గంగా లెక్కించను. అది పక్క చేలకు పాకుతుంది, పైమన్నులోని సారాన్ని కాలుస్తుంది, తుమ్మ వేరును మాత్రం చంపదు. మేకలు తోలడం సన్నపొదలకు కొంత పనికొస్తుంది గానీ, లాంటానా మేకలకు విషం, తుమ్మకాయ తిన్న మేక పెంటికల్లోంచి విత్తనాలు చేనంతా చల్లుతుంది.

ట్రాక్టరును కాపాడుకోవడం

స్లాషర్‌తో పనిచేయాలని నిర్ణయించుకుంటే, ముందుగా ట్రాక్టరు కిందికి దూరి చూడాలి. ఆయిల్ ఫిల్టరు, డీజిల్ పైపు, స్టీరింగు రాడ్డు, వైర్ల కట్ట ఎక్కడెక్కడ వేలాడుతున్నాయో గమనించి, వెల్డింగు షాపులో నాలుగైదు మిల్లీమీటర్ల మందపు రేకుతో అడుగున అడ్డుపలక చేయించుకోవాలి. దాన్ని చాసిస్‌కు వెల్డింగు చేయించకుండా బోల్టులతో బిగించాలి, ఆయిల్ మార్చేటప్పుడు విప్పగలిగేలా ఉండాలి. రేడియేటర్ ముందు సన్నని జాలీ కట్టి, అరగంటకొకసారి ఆపి జాలీని దులపాలి. గడ్డి నూగు, తంగేడు ఆకు కలిసి రేడియేటర్ రెక్కల మధ్య చాపలా పేరుకుంటాయి. దాన్ని ముందు నుంచి ఊదితే ఇంకా లోపలికి దిగుతుంది కాబట్టి ఇంజను వైపు నుంచి బయటికి ఊదాలి. వేసవిలో పనిచేస్తే సైలెన్సర్ చుట్టూ ఎండుటాకు పేరుకోకుండా చూసుకోవాలి, ఒక నీళ్ల డబ్బా దగ్గర ఉంచుకోవాలి.

పీటీఓ షాఫ్టులో షియర్ బోల్టు అనే చిన్న బోల్టు ఉంటుంది. మొద్దు తగిలినప్పుడు అది విరగడమే దాని పని. అది విరిగితే గేరుబాక్సు దక్కుతుంది. మాటిమాటికీ విరుగుతోందని కొందరు గట్టి రకం బోల్టు వేస్తారు. అప్పుడు బోల్టు విరగదు, దాని బదులు విరిగేది స్లాషర్ గేరో ట్రాక్టరు పీటీఓ ఇరుసో అవుతుంది, ఆ ఖర్చుకు ఇలాంటి బోల్టులు కొన్ని వందలు వస్తాయి. పుస్తకంలో చెప్పిన రకం బోల్టులే అరడజను టూల్ బాక్సులో ఉంచుకోవాలి. అదేపనిగా విరుగుతుంటే ఆ చోటు ట్రాక్టరు పని కాదని అర్థం చేసుకుని చేతి యంత్రానికి అప్పగించాలి. షియర్ బోల్టుకు బదులు, భారం ఎక్కువైనప్పుడు పలకలు జారి దెబ్బను ఆపే స్లిప్ క్లచ్ ఉన్న రకమైతే, వానాకాలమంతా మూలన పడి ఉన్నప్పుడు దాని పలకలు తుప్పుతో అతుక్కుపోతాయి. ఏటా పని మొదలుపెట్టే ముందు స్ప్రింగు నట్లు వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, మళ్లీ కొలత ప్రకారం బిగించాలి.

షాఫ్టు పొడవును దాదాపు ఎవరూ పట్టించుకోరు. స్లాషర్‌ను పైకి కిందికి ఎత్తి దించేటప్పుడు షాఫ్టు అతి పొట్టిగా ముడుచుకునే స్థానం ఒకటి ఉంటుంది. ఆ స్థానంలో లోపల కనీసం ఒక అంగుళం ఖాళీ మిగలాలి. మిగలకపోతే షాఫ్టు గునపంలా ట్రాక్టరు పీటీఓ బేరింగును లోపలికి పొడుస్తుంది. కొత్త స్లాషర్ తెచ్చిన రోజే ఇంజను ఆపి, లిఫ్టును నెమ్మదిగా ఎత్తి దించి ఇది చూసుకోవాలి, పొడవు ఎక్కువైతే రెండు ముక్కలనూ సమానంగా కోయించాలి.

టైర్లకు పంక్చరు ద్రవం పోయించడం సర్కారు తుమ్మ ఉన్న చేలల్లో దండగ కాదు, కానీ అదొక్కటే చాలదు. పచ్చి ముల్లు కంటే ఎండిన ముల్లు టైరుకు ప్రమాదం. కోసిన కంపను వారం ఎండనిచ్చి దాని మీద ట్రాక్టరు తిప్పడం కంటే, కోసిన రోజే పంగలకర్రతో ఒక పక్కకు నెట్టించడం మేలు.

ఇక మొద్దును గొలుసుతో లాగడం. చిన్న ట్రాక్టరుతో ఈ పని చేయవద్దనే నేను చెబుతాను. గొలుసును టాప్ లింక్ (పనిముట్టు పైభాగాన్ని పట్టి ఉంచే కడ్డీ) దగ్గరో, ఇరుసుకు పైనో కట్టి లాగితే, మొద్దు కదలనప్పుడు వెనక చక్రాల చుట్టూ ట్రాక్టరే ముందు నుంచి పైకి లేచి, రెండు సెకన్లయినా పట్టకుండా నడిపేవాడి మీదికి వెనక్కు తిరగబడుతుంది. క్లచ్ తొక్కేంత వ్యవధి దొరకదు. మన మినీ ట్రాక్టర్లలో చాలావాటికి తిరగబడినప్పుడు కాపాడే ఉక్కు చట్రం కూడా ఉండదు. అప్పటికే వేర్లు కోసి వదులు చేసిన మొద్దును పక్కకు ఈడ్చడం వరకైతే, కింద ఉన్న డ్రాబార్‌కు మాత్రమే కట్టి, కింది గేరులో, కుదుపు లేకుండా లాగవచ్చు.

ఏ చేనుకు ఏది

రెండేళ్లు బీడు పడి, వయ్యారిభామ, తంగేడు, అక్కడక్కడా వేలి లావు తుమ్మ మొలకలు ఉన్న చేనుకు సొంత ట్రాక్టరు, నాలుగు అడుగుల స్లాషర్ చాలు. స్లాషర్ కొనాలా అద్దెకు తేవాలా అంటే, మామిడో నిమ్మో తోట ఉండి ఏటా వరుసల మధ్య గడ్డి కోయవలసిన వారికి కొనడం గిట్టుబాటు. ఒక్క చేను ఒక్కసారి బాగుచేసుకునే వారికి అద్దె మంచిది.

ఐదారేళ్ల బీడులో లావు సన్నం కలిసి ఉంటాయి. ఇక్కడ ముందుగా ఇద్దరు మనుషులు బ్రష్ కట్టర్, చెయిన్ సాతో లావువాటిని నేలమట్టంగా కోసి, మిగిలిన మోళ్ల పక్కన సున్నం పూసిన కర్రలు గుచ్చాలి. తర్వాత ట్రాక్టరు సన్నకంపను కోయాలి. మోళ్ల లెక్క ఎకరానికి పది, పదిహేను లోపు ఉంటే గునపం, పారతో మనుషులే తవ్వుకోవచ్చు. అంతకు మించితే సగం పూట జేసీబీ మాట్లాడుకోవడం చవక. ఎక్కువ మంది రైతులకు పడే మార్గం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో ప్రతి యంత్రమూ తనకు తగిన పనే చేస్తుంది.

పదేళ్లు దాటి తుమ్మ అడవిగా మారిన చేనులో కట్టెను అమ్ముకుని, వెంటనే జేసీబీతో మొద్దులు తీయించి, గోతులు పూడ్పించిన తర్వాతే సొంత ట్రాక్టరు గొర్రుతో అడుగుపెట్టాలి. మొదటి గొర్రు వేసేటప్పుడు పైకి తేలిన వేరు ముక్కలను మనుషుల చేత ఏరించాలి. రెండో గొర్రు అడ్డంగా తోలితే ఇంకొన్ని తేలతాయి.

ఏ మార్గంలో వెళ్లినా తొలకరి తర్వాత మూడు నాలుగు వారాలకు చేను మళ్లీ తిరిగి చూడాలి. తెగిన మొదళ్ల దగ్గర లేచిన చిగుళ్లను అప్పుడే తవ్వి తీస్తే ఒక మనిషికి ఎకరం పెద్ద పని కాదు. నేలలో పడి ఉన్న తుమ్మ గింజలు ఏళ్ల తరబడి మొలిచే శక్తి కోల్పోవు కాబట్టి కొత్త మొక్కలు వస్తూనే ఉంటాయి. జానెడు లోపు ఉన్నప్పుడు తడి నేలలో చేత్తో లాగితే వేరుతో సహా వస్తాయి, మోకాలెత్తు దాటితే గునపం పట్టక తప్పదు. కాయ రాలే కాలంలో పక్క బీళ్లలో మేసిన మందలను ఆ చేనులో కట్టనివ్వకుండా చూసుకుంటే ఈ పని ఏటికేడు తగ్గుతూ వస్తుంది.